పగవారింటి ఉత్తరం

సెలవు లేనిదే గాలి కూడా లోపలికి రాకూడని ఊరు ఒకటి ఉండేదిట. వజ్రపురి దాని పేరు. ఏలేవాడు వజ్రనాభుడనే రాక్షసరాజు. బ్రహ్మను గురించి తపస్సు చేసి, దేవతలవల్ల తనకు చావు లేకుండానూ, తన ఊళ్ళోకి తన అనుమతి లేనిదే పురుగైనా దూరకుండానూ వరం పుచ్చుకున్నాడు. అంతటి కట్టుదిట్టాల ఊళ్ళోకి ఒకనాడు కొన్ని హంసలు వచ్చి కొలనులో దిగాయి. చూడముచ్చటగా ఉన్నాయి గదా అని రాజుగారు ఉండనిచ్చారు. హంసల దగ్గర కత్తులు లేవు, కటారులు లేవు. వాటిలో ఒకదాని దగ్గర మాత్రం ఒక కథ ఉన్నది. ఆ కథను అంతఃపురంలోని పిల్ల విన్నది. ఆ తరువాత కోట నిలవలేదు.

ఇది పింగళి సూరన 16వ శతాబ్దంలో రాసిన ప్రభావతీ ప్రద్యుమ్నం. తెలుగు ఎం.ఏ. వాళ్ళు పరీక్షకోసం చదివి, పరీక్ష కాగానే అటకమీద పెట్టే గ్రంథాలలో ఇదొకటి. ఇప్పుడు దీన్ని అటక దింపవలసి రావడానికి కారణం అమెరికాలోని రెబెకా రాస్ అనే రచయిత్రి. 2023లో వెలువడిన ఆవిడ నవల ‘డివైన్ రైవల్స్’ నానా దేశాలూ తిరిగి మా సబ్బవరం దాకా వచ్చింది. ‘దివ్య ప్రత్యర్థులు’ అని మనం తెనిగించుకోవచ్చు.

మా పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళనుంచి బస్సుల్లోనూ ఆటోల్లోనూ వచ్చి చదువుకుంటారు. వాళ్ళలో ఒక అమ్మాయి తల్లి నన్ను బజారులో ఆపి అడిగింది:

“మేష్టారూ! మా పిల్ల రాత్రి పన్నెండు దాటినా దీపం ఆర్పటం లేదండీ. పరీక్షలకు చదువుతోంది కాబోలనుకున్నాను. చూస్తే ఇంగ్లీషు నవల. యుద్ధమట, ఉత్తరాలట. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు చివరికి ప్రేమించుకుంటారట. పైగా అందులో మహిమలు కూడానట. ఇలాంటివి చదివితే పిల్ల బుద్ధి ఏమవుతుందండీ? చదవనివ్వమంటారా, లాక్కోమంటారా?”

న్యాయమైన ప్రశ్నే. చదవకుండా తీర్పు చెప్పడం చదువు చెప్పేవాడికి తగదు. అంచేత ఆ అమ్మాయి దగ్గరే పుస్తకం ఎరువు పుచ్చుకుని రెండు ఆదివారాలు కూచుని చదివాను. ఈ ప్రశ్న ఆ ఒక్క తల్లికే వచ్చినది కాదు గనక, నాకు తోచిన సమాధానం అందరికీ మనవి చేస్తున్నాను.

ముందు కథ.

ఓత్ అని ఒక పట్టణం. ఏ భూగోళంలోనూ ఉండదు, రచయిత్రి కట్టించుకున్నది. అక్కడ ‘ఓత్ గెజిట్’ అనే దినపత్రిక. అందులో కాలమిస్టు ఉద్యోగం ఒకటే ఉన్నది, పోటీదారులు ఇద్దరు. ఐరిస్ విన్నో పేదింటి పిల్ల, రోమన్ కిట్ కలవారి బిడ్డ. ఒకరి వ్యాసం అచ్చయిన నాడు రెండోవారికి అన్నం సయించదు. ఐరిస్ అన్న ఫారెస్ట్ యుద్ధానికి వెళ్ళాడు. వెళ్ళినవాడి దగ్గరనుంచి ఒక్క జాబు లేదు. తల్లి ఆ దిగులుతో తాగుడు మరిగింది. చదువు మధ్యలో ఆపేసిన పిల్ల జీతంమీద సంసారం నడవాలి.

ఇంతకూ ఆ యుద్ధం ఎవరిమధ్య అనుకున్నారు? దేవుళ్ళమధ్య. డేకర్ పాతాళానికి చెందిన దేవుడు, ఎన్వా సంగీత దేవత. ఒకప్పుడు ఆలుమగలు. వాళ్ళ తగవు తీర్చడానికి మనుషుల బిడ్డలు కందకాలలో చస్తున్నారు. పట్టణంలోని పెద్దలేమో యుద్ధం ఎక్కడో దూరాన ఉన్నది, మనకెందుకు అన్నట్టు ఉంటారు. పత్రికల్లో కూడా ఆ కబుర్లు ఎక్కువ రానివ్వరు.

ఐరిస్ రాత్రిళ్ళు అన్నకు ఉత్తరం టైపు కొట్టి, బట్టల బీరువా తలుపు కింది సందులోంచి లోపలికి తోస్తుంది. మళ్ళీ చూస్తే ఉత్తరం ఉండదు. ఎక్కడికి పోయిందయ్యా అంటే, ఊళ్ళో ఇంకొక మేడలో, ఇంకొక బీరువా కిందినుంచి బయటపడింది. అది రోమన్ గది. పాతకాలపు టైపురైటర్ల మహిమ అది. అతను జవాబు రాస్తాడు, పేరు మాత్రం చెప్పడు. పగలు ఆఫీసులో ఒకరినొకరు మాటలతో పొడుచుకునేవాళ్ళు, రాత్రి కాగితంమీద ఒకరి కష్టం ఒకరు వింటారు. తల్లి పోయిన తరువాత ఐరిస్ ఆ కొలువు వదిలి, వేరొక పత్రిక తరఫున యుద్ధరంగానికి విలేఖరిగా వెళుతుంది. తండ్రి కుదిర్చిన సంబంధాన్నీ, కోరుకున్న కొలువునూ కాదని రోమన్ ఆవిడ వెనకే వెళతాడు. తరువాతి సంగతి చెప్పను. చదవబోయేవారి సరదా పాడుచేసిన పాపం నాకెందుకు? అదే సంవత్సరం చివర రెండో భాగం కూడా వచ్చింది.

ఆ తల్లిగారు మోపిన నేరాలలో తేలికది ముందు కొట్టివేద్దాము. మహిమలున్నాయిట. ఉంటే ఏం? 1957లో వచ్చిన ‘మాయాబజార్’ను మనలో ఎన్నిసార్లు చూడనివాళ్ళున్నారు? అందులో ప్రియదర్శిని పేటిక మూత తెరిస్తే శశిరేఖకు అభిమన్యుడు కనబడ్డాడు. ఇల్లిల్లంతా కూచుని చప్పట్లు కొట్టాము. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారిని ఇదెలా సాధ్యమని ఒక్కరూ నిలదీయలేదు. దూరాన ఉన్న ప్రియుడిని చూపే పెట్టెను ఒప్పుకున్నవాళ్ళం, ఉత్తరాలు మోసే టైపురైటరును ఒప్పుకోమా? మహిమ అన్నది కథలో అబద్ధం చెప్పడానికి కాదు, ఒక నిజాన్ని తొందరగా చెప్పడానికి. ఎదుట ఉన్నప్పుడు పగ అడ్డు వస్తుంది, రాతలో మనిషి కనబడతాడు అనేదే ఆ బీరువా చెప్పే నిజం.

ఇక అసలు నేరం. పగవాళ్ళు ప్రేమించుకోవడం. ఇది దొరలదగ్గర నేర్చుకోవలసిన విద్య కాదండీ. మన పురాణాలలో ఒక్క ఇంట్లోనే మూడు తరాలు ఇదే పని చేశాయి. తాత శ్రీకృష్ణుడు, తనంటే గిట్టని రుక్మి చెల్లెలిని తెచ్చుకున్నాడు. ఆ కబురు మోసినవాడు ఒక బ్రాహ్మణుడు. కొడుకు ప్రద్యుమ్నుడు వజ్రనాభుడి కూతురు ప్రభావతిని చేసుకున్నాడు. కబురు మోసినది హంస. మనుమడు అనిరుద్ధుడు బాణాసురుడి కూతురు ఉషను చేసుకున్నాడు. అక్కడ చెలికత్తె చిత్రరేఖ అందరి బొమ్మలూ గీసి, కలలో కనిపించినవాడెవడో పట్టి ఇచ్చింది. మూడింటిలోనూ పెళ్ళికి ముందో వెనకో యుద్ధమున్నది. మూడింటిలోనూ ఒకరిమాట ఒకరికి చేరవేసే మూడోవారున్నారు. కనక ‘డివైన్ రైవల్స్’ చదివే పిల్ల మన ఇంటి కథలకు దూరమేమీ పోలేదు. చుట్టుతిరిగి వెనక గుమ్మంలోంచి మన ఇంటికే వచ్చింది.

వచ్చిన పిల్లను కూచోబెట్టి, మూడు ప్రశ్నలు అడగమంటాను. ఇలాంటి నవల ఏది చదివినా ఈ మూడూ అడగవచ్చు.

మొదటి ప్రశ్న: ఉత్తరం మోసేదెవరు? వారిని పంపినదెవరు?

సూరన హంస పేరు శుచిముఖి. సాక్షాత్తూ సరస్వతీదేవి చేత ‘ఉపమాతిశయోక్తి కామధేనువు’ అని బిరుదు పుచ్చుకున్న పక్షి. అంటే పోలికలు చెప్పడంలోనూ, ఉన్నదానిని పెంచి చెప్పడంలోనూ అడిగినన్ని ఇవ్వగలది. పెళ్ళిళ్ళ పేరయ్యలలో ఇంతటి బిరుదు ఉన్నవారు మన జిల్లాలో లేరు. ఆ నోటితో అది ప్రభావతికి ప్రద్యుమ్నుడి గుణగణాలు వర్ణిస్తే పిల్ల మనసు కరగకేం చేస్తుంది? ఐతే ఆ హంసను పంపినది ఇంద్రుడు. ఎందుకు పంపాడు? వజ్రనాభుడు స్వర్గంలో తన వాటా అడిగాడు. మనమంతా కశ్యపుడి సంతానమే, ఇన్నాళ్ళు మీరు అనుభవించారు, ఇకమీదట మాకు ఒప్పగించండి అన్నాడు. అచ్చంగా దాయాదుల తగవు. తండ్రి కశ్యపుణ్ణి తీర్పు చెప్పమంటే, నా యజ్ఞం పూర్తి కానీయండి, అప్పుడు చూద్దాము అన్నాడు. ఆస్తి తగాదాల్లో పెద్దవాళ్ళు వాయిదా వేయడం అప్పటినుంచీ ఉన్న మాటే. ఈలోగా ఇంద్రుడు శ్రీకృష్ణుడితో సంప్రతించి, కోట లోపలికి మనిషిని పంపే ఉపాయం పన్నాడు. ప్రభావతి ప్రేమ ఆ ఉపాయంలో ఒక మెట్టు.

అంటే శుచిముఖి ప్రేమదూతా, వేగులదా? రెండూను. అదే సూరన గొప్పతనం. హంస చెప్పినది అబద్ధం కాదు. ప్రద్యుమ్నుడు నిజంగానే అందగాడు, ప్రభావతి నిజంగానే అతన్ని కోరుకున్నది; పార్వతీదేవి కలలో కనిపించి అతని పటాన్ని కూడా ఇచ్చి వెళ్ళింది. నిజం చెబుతూనే హంస ఇంకొకరి పని చక్కబెట్టింది.

ఇంగ్లీషు నవలలో టైపురైటరుకు ఇటువంటి స్వార్థమేమీ లేదు. అది జీతం పుచ్చుకోని దూత. అందుకే ఆ ఉత్తరాలు చదువుతుంటే హాయిగా ఉంటుంది. అందుకే కొంచెం పలచగానూ ఉంటుంది. ఇవాళ మన పిల్లల చేతిలోని ఫోనులోకి వచ్చే తీయని కబుర్లు టైపురైటరు మోసుకొచ్చినవో, శుచిముఖి మోసుకొచ్చినవో తెలుసుకునే తెలివి రావాలంటే, రెండో కథ కూడా తెలిసి ఉండాలి. ‘ఈ మాట ఎంత బాగున్నది’ అని అనుకున్న వెంటనే, ‘దీనివల్ల ఎవరికి పని జరుగుతుంది’ అని కూడా అనుకోవడం పాపం కాదు.

రెండో ప్రశ్న: ఇద్దరిలో ముందు తెలిసినది ఎవరికి?

ఉత్తరాలు ఎవరివో రోమన్‌కు ముందే తెలుసు. ఐరిస్‌కు చాలా కాలం తెలియదు. పగలు తన ఎదుట కూచుని తనతో పోటీపడే మనిషికే రాత్రి తన గుండె విప్పి చూపుతున్నానని ఆ పిల్ల ఎరగదు. ఇక్కడ ఆ నవలను మెచ్చుకోవాలి. రచయిత్రి దీన్ని కేవలం సరదాగా తోసేయలేదు. తెలిసినవాడికి తెలియనివాళ్ళమీద ఒక అధికారం వస్తుందనీ, ఆ అధికారాన్ని వదులుకోనిదే ప్రేమ అనిపించుకోదనీ రోమన్ మనసులోని ముల్లు ద్వారా చెబుతుంది. చెప్పాలా, చెబితే ఉత్తరాలు ఆగిపోతాయా అని అతను పడే గుంజాటనే పుస్తకానికి ఆయువుపట్టు.

మన కథలో ఈ దాపరికం వేరే విధంగా నడుస్తుంది. భద్రుడనే నటుడు ఎక్కడికైనా స్వేచ్ఛగా పోగల వరం పొందినవాడు. ఆ వేషంలో ప్రద్యుమ్నుడు నాటక సమాజంతో వజ్రపురికి వచ్చాడు. వెంట గదుడూ సాంబుడూ ఉన్నారు. రాక్షసులు నాటకం చూసి మురిసి బహుమతులిచ్చారు. అక్కడినుంచి తుమ్మెద రూపంలో పూలలో దాగి అంతఃపురం చేరాడు. ప్రభావతికి అన్నీ తెలుసు. తెలియనిది తండ్రికి. పురుగును కూడా రానివ్వనని వరం పుచ్చుకున్న పెద్దమనిషి, పూలతోపాటు అల్లుణ్ణి తానే లోపలికి రానిచ్చాడు!

చదివి నవ్వుకుంటాము. నవ్విన తరువాత, ఇళ్ళల్లో పిల్లలున్న వాళ్ళం కాస్త ఆలోచించాలి. ఇంట్లో అందరికీ తెలిసి తండ్రికొక్కడికే తెలియని సంగతులు ఎందుకు పుడతాయి? తెలిస్తే వినడు, అరుస్తాడు అన్న భయంవల్ల పుడతాయి. వజ్రనాభుడు ఊరికి గోడ కట్టాడు. ఆ గోడ శత్రువును ఆపలేదు, కూతురు మాట తనదాకా రాకుండా మాత్రం ఆపింది.

మూడో ప్రశ్న: యుద్ధం ముగిశాక పెళ్ళికూతురికి పుట్టిల్లు మిగిలిందా?

ఇంగ్లీషు నవలలవాళ్ళు ఈ ప్రశ్న అంతగా అడగరు. మనం అడగక తప్పదు. ఆ మూడు తరాల పెళ్ళిళ్ళనే మళ్ళీ చూడండి. రుక్మి తరుముకుంటూ వచ్చి ఓడిపోతే, కృష్ణుడు కత్తి ఎత్తాడు. రుక్మిణి కాళ్ళమీద పడి అన్నను దక్కించుకున్నది. జుట్టు గొరిగించుకుని అవమానంతోనైనా రుక్మి బతికాడు. బాణాసురుడికి చేతులు తెగాయిగాని ప్రాణం దక్కింది; ఉషను సగౌరవంగా సాగనంపాడు. ప్రభావతికి మాత్రం ఆ భాగ్యం లేదు. గుట్టు బయటపడింది, వజ్రనాభుడు సేనలతో మీదికి వచ్చాడు. ఈ కథకు మూలమైన సంస్కృత హరివంశంలో, ఎదుట నిలిచినవాళ్ళు నీ తండ్రీ నీ బంధువులూను, నన్నేం చేయమంటావని ప్రద్యుమ్నుడు ఆవిణ్ణే అడుగుతాడు. ఆవిడ ఏడుస్తూనే ఆయుధం పట్టమంటుంది. వజ్రనాభుడు అల్లుడి చేతిలో చచ్చాడు. వజ్రపురి తరువాత మనుమల పాలయింది. తాత రానివ్వనన్న వంశమే ఆ ఊరిని ఏలింది.

దేవతలకు ఇది విజయం. కవిసమయం ప్రకారం శుభాంతం. కాని ఆ రాత్రి ప్రభావతికి ఎలా గడిచిందో ఒక్కసారి ఊహించండి. సూరన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. ఈ కావ్యాన్ని మాత్రం ఏ రాజుకూ ఇవ్వలేదు, తన తండ్రి అమరనకు అంకితమిచ్చాడు. తండ్రిని పోగొట్టుకున్న కూతురి కథను కవి తన తండ్రి చేతుల్లో పెట్టాడన్నది, ఎన్నిసార్లు చదివినా నన్ను ఒక్క క్షణం ఆపుతుంది.

‘డివైన్ రైవల్స్’లో ఈ చిక్కు చాలావరకు ముందే తప్పించబడింది. ఐరిస్ తల్లి పోయింది, అన్న జాడ లేదు. ఎవరినీ నొప్పించకుండా ఎక్కడికైనా పోవచ్చు. కథానాయిక దారికి అడ్డు లేకుండా రచయిత్రి ఇల్లు ఖాళీ చేయించింది. రోమన్ తండ్రి మాట కాదని పోయాడు, నిజమే. ఐతే అతనికి అది సంకెల తెగినట్టే. సూరన ఇల్లు ఖాళీ చేయలేదు. ప్రభావతి వెనక తండ్రినీ, ముందు మగణ్ణీ నిలబెట్టి, మధ్య ఆవిణ్ణి నిలబెట్టాడు. నాలుగు శతాబ్దాల వెనకటి మన కవి పందెం పెద్దది అనడానికి నేను సంకోచించను.

ఇది రాక్షసులకు మాత్రమే పరిమితమైన కథ కాదు. కులం వేరని, ఊరి కక్షలని, ఆస్తి తగాదాలని, ఇష్టపడి చేసుకున్న పిల్లకు గుమ్మం మూసేసిన ఇళ్ళు మనకు తెలియనివి కావు. కొన్ని ఇళ్ళలో మనుమడు పుట్టాక తలుపు తెరుచుకుంటుంది. కొన్నింట్లో తెరుచుకోదు. కత్తులు లేకపోయినా అదీ యుద్ధమే. అందులోనూ ఓడిపోయేది ముందుగా ఆడపిల్లే. కనక ప్రేమ గెలిచిందని పుస్తకం మూసేసే పిల్లను, ‘మరి పుట్టిల్లు?’ అని ఒక్కసారి అడగండి. అడిగేటప్పుడు బెదిరించినట్టు కాక, నిజంగా తెలుసుకోగోరినట్టు అడగండి. రుక్మిణిలా ఇద్దరినీ దక్కించుకునే దారి ఉన్నదేమో ఇద్దరూ కలిసి వెతకండి. అటువంటి దారి దొరకాలంటే ఇటు రుక్మి కూడా కాస్త దిగి రావాలి మరి.

ఆ నవలలో నాకు అన్నిటికన్న నచ్చిన ఘట్టం ప్రేమఘట్టం కాదు. ఐరిస్ యుద్ధరంగం దగ్గరి ఊళ్ళో గాయపడిన సైనికుల పక్కన కూచుని, వాళ్ళు చెబుతుంటే ఇళ్ళకు ఉత్తరాలు రాసి పెడుతుంది. అప్పటిదాకా తన అన్నకోసం తాను రాసిన పిల్ల, ఇప్పుడు ఎవరి అన్నకోసమో రాస్తుంది. యుద్ధమన్నది ఏ దేవుడు ఏ దేవతపై గెలిచాడని కాదు, ఇంకా చేరని ఉత్తరాలు ఎన్ని అని ఆవిడకు అక్కడ తెలుస్తుంది.

ఇది చదువుతుంటే మన విశాఖ జ్ఞాపకం వచ్చింది. సబ్బవరంలో కూచుని యుద్ధం ఎక్కడిదో అనుకోవడానికి వీలు లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీదా కాకినాడమీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లే నెత్తిన పెట్టుకుని పట్నం విడిచి పల్లెలకు తరలిపోయారు. తరువాత 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి తెల్లవారేలోగా, పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ సముద్రంలో మునిగిపోయింది. అందులో తొంభైమందికి పైగా నావికులున్నారు. మన రేవును కాపాడుకున్నాము, గర్వించవలసినదే. బీచి రోడ్డులో ఆ యుద్ధవిజయానికి గుర్తుగా స్తూపం ఉన్నది. ఐనా ఆ తొంభైమందికీ ఎక్కడో ఇళ్ళున్నాయి. వాళ్ళ ఉత్తరాలకోసం ఎదురు చూసిన తల్లులూ, చెల్లెళ్ళూ ఉన్నారు. ఈ మాట తలచుకోవడం దేశద్రోహం కాదు. పగవాడి ఇంట్లో కూడా దీపం పెట్టుకుని ఎవరో మేలుకుని ఉంటారని తెలియడమే ఇలాంటి కథలు చదివినందుకు మిగిలే లాభం. ఆ లాభం పరీక్షలో మార్కులుగా రాదు, మనిషిలో కనబడుతుంది.

అలాగని నవలలో లోపాలు లేవని కాదు. దేవుళ్ళిద్దరూ కాగితం బొమ్మల్లాగా ఉన్నారు. ఎవరు ఎందుకు పోరాడుతున్నారో చెప్పడానికి రచయిత్రికి ఓపిక తక్కువ. ఆ కందకాలూ, ఆ విషవాయువూ ఐరోపావారి మొదటి ప్రపంచయుద్ధాన్ని చూసి రాసినవేనని ఇట్టే తెలిసిపోతుంది. ప్రియుడి కళ్ళగురించీ, జుట్టుగురించీ ఉన్న వర్ణనలు సగానికి తగ్గించినా నష్టం లేదు; ఐతే ఈ మాట అనే అర్హత మన ప్రబంధాలు పాఠం చెప్పి బతికే నాకు లేదేమో! స్త్రీపురుషుల దగ్గరితనం గురించి కాస్త బాహాటంగా రాసిన చోట్లు కూడా ఉన్నాయి. కళాశాల ఈడు పిల్లకు పరవాలేదు. ఎనిమిదో తరగతి పిల్లకైతే ఇంకా వ్యవధి ఉన్నదనుకుంటాను. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పడం నా విధి.

ఇక తీర్పు. అమ్మా, పుస్తకం లాక్కోకండి. లాక్కుంటే వజ్రపురికి మరో రెండు వరసలు గోడ కట్టినట్టే అవుతుంది. హంసలు రావడం మానవు. ఏ హంస వచ్చిందో మీకు తెలియడం మాత్రం మానుతుంది. పన్నెండింటికి దీపం ఆర్పమనండి, అది ఆరోగ్యానికి సంబంధించిన మాట. తెల్లవారాక కాఫీ ఇస్తూ, ‘నిన్న రాత్రి ఎంతవరకు వచ్చింది కథ?’ అని అడగండి. పిల్ల మొదటి రోజు అనుమానంగా చూస్తుంది. రెండో రోజు రెండు ముక్కలు చెబుతుంది. మూడో రోజు ఆపమన్నా ఆపదు.

తండ్రులకు ఒక మాట. ఆ కథ చెప్పేటప్పుడు పేపరు మడిచి పక్కన పెట్టండి.

పిల్ల ఆ రెండు భాగాలూ ముగించాక సూరనను పక్కన పెట్టండి. పాత ప్రబంధం కొరుకుడు పడదని భయపడనక్కరలేదు. సూరన కథ నడపడంలో మహానేర్పరి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో తమ ‘కవిత్వతత్త్వ విచారం’లో సూరనను ఎంతగా మెచ్చుకున్నారో తెలుగు చదివినవారందరికీ తెలుసు. ఐనా పద్యం చూసి జడిసే పిల్లలకు ఒక సులువు ఉన్నది. వెల్చేరు నారాయణరావుగారూ, డేవిడ్ షూల్మన్ గారూ కలిసి ప్రభావతీ ప్రద్యుమ్నాన్ని ‘ది డీమన్స్ డాటర్’ అనే పేరుతో ఇంగ్లీషులోకి అనువదించారు. 2006లో అచ్చయింది. రాక్షసుడి కూతురు అన్నమాట. ఇంగ్లీషు నవల పట్టుకుని బయటికి పోయిన పిల్లను ఇంగ్లీషు దారినే వెనక్కు పిలుచుకోవచ్చు. పిల్ల అందులో కథ చదువుతుంటే, తెలిసిన పెద్దలెవరైనా మూలంలోని పద్యం ఒకటి రెండు పైకి చదివి వినిపించండి. అర్థం ముందే తెలిసిన పద్యం పిల్లలను భయపెట్టదు.

అప్పుడు ఆ ఇంట్లో తల్లీ కూతుళ్ళు కూచుని, శుచిముఖి చేసినది మంచి పనా కాదా అని వాదించుకుంటారు. రోమన్ ముందే చెప్పవలసిందని కూతురంటుంది. ప్రభావతి తండ్రితో ఒక్కమాట చెప్పి చూడవలసిందని తల్లి అంటుంది. వజ్రనాభుడు వినేవాడా అని కూతురు తిరిగి అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం సూరన దగ్గరా లేదు, రెబెకా రాస్ దగ్గరా లేదు. అది పక్కగదిలో కూచున్న తండ్రిగారు చెప్పవలసినది.